గడియకు కట్టిన తువ్వాలు

"ఊపిరి ఆగిపోతే ఏం చేస్తారు?"

ఆవిడతో నేనన్న మొదటి మాట అదే. నా పేరు చెప్పలేదు, ఎవరు పంపారో చెప్పలేదు. చంకలో పాప, భుజాన పాలసీసాల సంచి, గుమ్మంలో నిలబడి అడిగేశాను. మా పాపకు ఏడుపు ముదిరితే ఊపిరి బిగబట్టేస్తుంది. పెదాలు నీలమవుతాయి, ఒళ్ళు కర్రలా బిగుసుకుంటుంది, కాసేపటికి ఒక్కసారిగా గాలి పీల్చుకుని మళ్ళీ ఏడుపు అందుకుంటుంది. ప్రమాదమేమీ లేదన్నాడు డాక్టరు. నేను చదివింది రసాయనశాస్త్రం. దీని గురించి దొరికినవన్నీ తిరగేశాను. అన్నిట్లోనూ ప్రమాదం లేదనే ఉంది. కానీ చదివింది తలలో ఉంటుంది, నీలమైన పెదాలు కళ్ళముందు ఉంటాయి.

ఆవిడ గుమ్మానికి పక్కగా జరిగింది. "ముందు లోపలికి రా నాయనా. ఊపిరి సంగతి కూర్చుని మాట్లాడుకుందాం."

బస్సు డిపో వెనక వీధిలో ఆ గది. ఒకప్పుడు టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు. నేల మీద నల్లటి నూనె మరక ఎంత తోమినా పోలేదు, దాని మీదే చాపలు పరిచేది. గోడకు పిల్లల ఎత్తులో మేకులు, మేకులకు చిన్న చిన్న సంచులు. ఒక మూల పొయ్యి, పిల్లలు అటు పోకుండా అడ్డంగా ఓ పాత తలుపు చెక్క. సీసాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు, బస్సు కండక్టరమ్మలు, ఆసుపత్రిలో మా ఆవిడలాంటి నర్సులు పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపి పనికి పోయేవారు. నేను పని చేసే నీటి పరీక్షల ల్యాబు కూడా డిపోకు దగ్గరే.

ఆవిణ్ణి అందరూ పెద్దక్క అనేవారు. తల్లులకూ పెద్దక్కే, పిల్లలకూ పెద్దక్కే, ఆవిడ కన్నా వయసులో పెద్దవాడైన ఆ గది యజమానికి కూడా పెద్దక్కే. ఏళ్ళ తరబడి పిల్లల్ని ఎడమ చంకనే ఎత్తుకోవడం వల్ల నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. చంకలో పిల్ల లేకపోయినా ఉన్నట్టే నడిచేది.

మొదటి రోజు పాప ఓ చెక్క గుర్రంతో ఆడుకోవడం మొదలెట్టగానే, ఇదే అదనని నేను మెల్లిగా గుమ్మం వైపు జరిగాను. ఇంట్లో మేం చేసేది అదే. పాప చూపు మళ్ళించి జారుకోవడం. చెప్పుల్లో కాలు పెట్టానో లేదో వెనక నుంచి పెద్దక్క గొంతు వినిపించింది.

"ఎక్కడికి, దొంగలా?"

నేను గొణిగాను, చూస్తే ఏడుస్తుందండీ అని.

"ఏడవనీ. ఏడ్చినా సరే, చెప్పే వెళ్ళాలి ఇక్కడ. దాని ముందు కూర్చుని, వెళ్తున్నానని చెప్పు. ఎప్పుడొస్తావో చెప్పు. గడియారం లెక్క చెప్పకు, దానికేం తెలుసు. పాలు తాగి, నిద్రపోయి లేచాక వస్తానని చెప్పు."

చెప్పాను. పాప ఏడ్చింది, బిగబట్టింది, నీలమైంది. పెద్దక్క దాన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. అంతకన్నా ఏమీ చెయ్యలేదు. అది గాలి పీల్చుకుని మళ్ళీ ఏడుపు అందుకున్నప్పుడు చూశాను, పెద్దక్క చెయ్యి వణుకుతోంది. నేను చూడటం ఆవిడ చూసింది. "నాకూ భయమేనయ్యా. భయం లేనివాళ్ళకి పిల్లల్ని అప్పగించకు" అంది. ఆ మాటకే నాకు ఆ గది మీద నమ్మకం కుదిరింది.

ఆ గదికి ఇంకో రూలు ఉండేది. మధ్యాహ్నం పిల్లలకు తిండి పెట్టి మూతులు కడిగాక, పెద్దక్క తలుపు బయటి గడియకు ఓ నీలం గళ్ళ తువ్వాలు కట్టి తలుపు చేరవేసేది. పిల్లలు నిద్రపోతున్నారు, ఎవరూ తలుపు కొట్టకూడదని దానర్థం. వీధంతా ఆ తువ్వాలుకు లొంగి ఉండేది. గ్యాస్ బండి మనిషి సిలిండరు దొర్లించకుండా మోసుకుపోయేవాడు. డ్రైవర్లు ఆ మలుపులో హారన్ కొట్టేవారు కాదు. ఎదురుగా బట్టలు కుట్టే ఆవిడ ఉండేది, అందరూ ఆవిణ్ణి మిషనత్త అంటారు. పెద్దక్కకు పాత స్నేహితురాలు. తువ్వాలు ఉన్నంతసేపూ ఆవిడ కూడా మిషను ఆపి, చేతి కుట్టు పని పెట్టుకునేది. ఓసారి నేను పనిమీద మధ్యలో వచ్చి గుమ్మం ముందు తచ్చాడుతుంటే పిలిచి స్టూలు వేసింది. "కూర్చో అబ్బాయ్. మంత్రి వచ్చినా సరే, ఆ తువ్వాలు విప్పేదాకా నా కొట్లో కూర్చోవాల్సిందే" అంది.

పాపకు రెండో ఏడు నిండుతుండగా ఓ పొద్దున డిపో గోడ దగ్గర రేడియో చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. ఎర్రజెండా పార్టీ సభ్యులు ఓట్లేసి కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు. ఆ పార్టీలో జెండా తప్ప ఎరుపు ఇంకెక్కడా మిగల్లేదని జనం నవ్వుకుంటున్న రోజులవి. అలాంటిది, సొంత పార్టీ పెద్దలే మొండివాడని పక్కన పెట్టిన మనిషి, సమ్మెల్లోనూ జైళ్ళలోనూ జుట్టు నెరిసిన మనిషి గెలిచాడు.

టీ కొట్టు దగ్గర తలో మాట. పార్టీ సభ్యత్వం ఇంకా వదులుకోని ముసలి డ్రైవరొకాయన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరైన పెద్దమనిషి పేపరు మడిచి చంకలో పెట్టుకుంటూ, ఇక మన బీరువా తాళాలు మన దగ్గర ఉండవని తేల్చేశాడు. సీసాల ఫ్యాక్టరీ అమ్మాయిలు, ఇవాళ సూపర్‌వైజర్ మొహం ఎలా ఉంటుందో చూడాలని పకపకా నవ్వుకుంటూ పోయారు. మెకానిక్ కుర్రాడు ఈయన రావలసింది నా పుట్టుకకు ముందన్నాడు. టీ కొట్టు ఆయన ఎవరొచ్చినా గ్లాసులు నేనే కడగాలన్నాడు. నా భయం నాది. సమ్మెలు మొదలై బస్సులు ఆగిపోతే పాపను ఎలా తీసుకురావాలా అని ఆలోచిస్తూ గదికి వెళ్ళాను.

పెద్దక్క ఓ పిల్లవాడికి ముక్కు తుడుస్తోంది. డిపో రేడియోలో కొత్త అధ్యక్షుడి ప్రసంగం గోడ దాటి వినిపిస్తోంది. ఆవిడ చెయ్యి ఆగింది.

"గొంతు బొంగురుపోయింది" అంది. "చిన్నప్పటి నుంచీ అంతే. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడితే చాలు, పోతుంది. ఉప్పునీళ్ళు పుక్కిలించరా అంటే వింటేగా."

ఎవరి గురించి అంటున్నారని అడిగాను.

"మా చిన్నోడు" అని, ఉతికిన పిల్లల బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది.

మిగతాది మిషనత్త చెప్పింది. ఆ కొత్త అధ్యక్షుడు పెద్దక్క తమ్ముడేనట, తల్లి పోయేనాటికి వాడు తప్పటడుగులు వేస్తున్నాడట. వాణ్ణి వదిలి పనికి పోలేక, వాడితోపాటు ఇరుగుపొరుగు పిల్లల్ని కూడా చూసుకోవడం మొదలుపెట్టింది పెద్దక్క. అంటే ఆ గదికి మొదటి పిల్లవాడు వాడే. ఓ సంబంధం వచ్చింది. తమ్ముణ్ణి ఎక్కడైనా పెట్టి రమ్మన్నారు. తమ్ముడు ఉన్నాడు, సంబంధం పోయింది. వాడికి మీసాలు వచ్చే వయసులో సీసాల ఫ్యాక్టరీలో పెద్ద సమ్మె జరిగింది. పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. ఓ మధ్యాహ్నం గడియకు తువ్వాలు కట్టి ఉంది, లోపల పిల్లలు నిద్రపోతున్నారు, వాళ్ళ మధ్య పెద్దక్క కూడా కునుకు తీసింది. లేచేసరికి వాడు లేడు. రైల్వే స్టేషన్లు, ఆసుపత్రులు, శవాల గదితో సహా అన్నీ తిరిగింది. చాలా కాలానికి ఎవరో కబురు తెచ్చారు, రాజధానిలో పార్టీ ఆఫీసులో ఉంటున్నాడని. ఎందుకు చెప్పలేదురా అని కబురు పెడితే, చెప్తే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను కదల్లేను అని జవాబొచ్చింది. అప్పటిదాకా ఆ గదిలో కూడా తల్లులు పిల్లల చూపు మళ్ళించి జారుకునేవారే. ఆ తర్వాతే పెద్దక్క ఆ పద్ధతి మాన్పించింది.

"తర్వాత రాలేదా?" అని అడిగాను.

"ఈ ఊరికి చాలాసార్లు వచ్చాడు. సభకొచ్చాడు, ఊరేగింపుకొచ్చాడు. ఈ వీధికి రాలేదు. మొదట్లో సిగ్గు, తర్వాత తీరిక లేదు. పెద్దక్కకు కావలసింది పెద్దదేం కాదబ్బాయ్. వాడు ఒక్కసారి ఆ గుమ్మంలోకి రావాలి. మళ్ళీ వెళ్ళేటప్పుడు, అక్కా వెళ్తున్నానని చెప్పాలి. అంతే" అంది మిషనత్త, దారం పళ్ళతో తెంపుతూ.

కొత్త అధ్యక్షుడు రెండో ప్రసంగంలో ఆ గది ఊసు తెచ్చాడు. పనికి పోయే తల్లుల పిల్లల మధ్య పెరిగానని, ఉన్నది సమానంగా పంచుకోవడం మా అక్క గదిలోనే నేర్చుకున్నానని చెప్పాడు. చప్పట్లు మోగాయి. మర్నాడే కెమెరాలు వీధిలోకి వచ్చాయి. పెద్దక్క వాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టి ఒక్క మాట చెప్పింది.

"మేం సమానంగా పంచలేదు. ఎక్కువ ఏడ్చేవాడికి ముందు పెట్టేదాన్ని. వాడు చాలా ఏడ్చేవాడు."

ఆ మాట కూడా రెండు విధాలుగా తిరిగింది. అభిమానులకు అది గొప్ప సిద్ధాంతం. కిట్టనివాళ్ళకు, ఏడ్చి సంపాదించడం చిన్నప్పటి నుంచే అలవాటన్నమాట. రాత్రికి రాత్రి ఎవరో గది గోడ మీద తారుతో బూతు రాసిపోయారు. పెద్దక్క కిరోసిన్ గుడ్డతో తుడిచింది. పోలేదు. దాని మీద సున్నం కొట్టింది.

తర్వాత పిల్లలు తగ్గడం మొదలైంది. ముందు మేనేజరు గారి మనవడు. ముక్కు పచ్చలారని వాడికి ఏం నూరిపోస్తుందోనని ఆ ఇంట్లో భయమట. "వాడికి ఎడమ కాలికి ఎడమ చెప్పు వేసుకోవడమే ఇంకా రాలేదు. నేనేం నూరిపోస్తాను?" అని పెద్దక్క నవ్వేసింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ సూపర్‌వైజర్, మీ పిల్లలు ఎక్కడ ఉంటున్నారో మాకు తెలుసులే అని మాటల మధ్యలో అన్నాడు. ఆ పొద్దున రేడియో దగ్గర నవ్విన అమ్మాయిలే కళ్ళు దించుకుని పిల్లల సంచులు మేకుల నుంచి తీసుకుపోయారు. వాళ్ళను పెద్దక్క ఏమీ అనలేదు. పిల్లలతో మాత్రం, నువ్వు రేపటి నుంచి ఇక్కడికి రావు, వెళ్తున్నావు, అని ఒక్కొక్కరి ముందూ కూర్చుని చెప్పింది. కొందరు ఏడ్చారు. చుట్టిన చాపలు గోడకు చేరగిలబడి ఉండిపోయాయి.

మా పాపనూ మార్పించమని మా మామగారు ఫోన్ మీద ఫోన్ చేశారు. నేను ఇంకో రెండు చోట్లకు వెళ్ళి చూశాను. రంగురంగుల గోడలు, మెత్తటి బొమ్మలు. రెండు చోట్లా, పాప బొమ్మ చూస్తున్నప్పుడు మీరు వెళ్ళిపోండి సార్ అన్నారు. వెనక్కి వచ్చేశాను.

అధ్యక్షుడు ఊళ్ళు తిరుగుతూ మా ఊరికీ వస్తున్నాడని, డిపో పక్క మైదానంలో సాయంత్రం సభ అని తెలిసింది. పార్టీ కుర్రాళ్ళు వచ్చి, సభకు ముందు మధ్యాహ్నం అన్నగారు మీ దగ్గరికి వస్తారక్కా అన్నారు. గోడకు రంగులు, తోరణాలు, మైకు. పెద్దక్క అన్నీ వద్దంది. పిల్లల గదిలో మైకు పెడితే చెవులు మెలేస్తానంది. ఎంతసేపు ఉంటాడని మాత్రం అడిగింది.

"కాసేపేనక్కా."

"కాసేపు చాలు" అంది.

ఆ రోజు జనం తొక్కిసలాట ఉంటుందేమోనని నేను సెలవు పెట్టి, పాపతోపాటు ఆ గదిలోనే కూర్చున్నాను. పాప కాక ఇంకో ఇద్దరు పిల్లలే వచ్చారు. పెద్దక్క ఉతికిన బట్టలు కట్టుకుంది. జుట్టు దువ్వుకుని, మళ్ళీ విప్పి దువ్వుకుంది. కాచిన ఉప్పునీళ్ళు ఫ్లాస్కులో పోసి, పక్కన గ్లాసు బోర్లించింది. "సభలో అరవాలి కదా. ముందు పుక్కిలిస్తే కాస్త నయం" అంది. నేను పిల్లల బొమ్మలు సర్దాను. పిల్లలు రొట్టె, ఉడకబెట్టిన దుంపలు తిన్నారు. పెద్దక్క మూతులు కడిగింది, చాపలు పరిచింది. తర్వాత ఎప్పటిలాగే తలుపు దగ్గరికి వెళ్ళి, నీలం గళ్ళ తువ్వాలు గడియకు కట్టి తలుపు చేరవేసింది. దశాబ్దాలుగా ఆ చెయ్యి ఆ వేళకు చేసే పని. ఆ చేతిని ఎవరూ పట్టించుకోరు. నేను ఎదురుగా కూర్చుని చూశాను, నాకూ ఏమీ తట్టలేదు.

పిల్లలు నిద్రపోయారు. మా పాప నా ఒళ్ళో ఆఖరుగా కళ్ళు మూసింది. పెద్దక్క పడుకోలేదు. గోడకు ఆనుకుని తలుపు వైపే చూస్తోంది.

కార్లు వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, చాలా. అడుగులు. ఎవరో ఏదో అనబోతే ఎవరో ఆపినట్టు, గొంతులు ఒక్కసారిగా అణిగిపోయాయి. నేను లేవబోయాను. పాప కదిలింది. పెద్దక్క చేత్తో ఉండమని సైగ చేసి, తానే లేచి తలుపు దాకా వెళ్ళింది. తలుపుకు ఇవతల జానెడు దూరంలో నిలబడింది. నా వైపు తిరిగి, వినీ వినిపించనట్టు అంది.

"ఉండు. వాడే పిలుస్తాడు."

అంతకాలం ఎదురుచూసిన మనిషి, ఆ ఒక్క పిలుపూ వినకముందే తలుపు తియ్యదలుచుకోలేదు. నాకది అర్థమైంది. నేను కూడా ఆ పిలుపు కోసమే చెవులు రిక్కించాను. తలుపు అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు, చాలా మెల్లిగా. పెద్దక్క పెదాలు విచ్చుకున్నాయి. తర్వాత అడుగులు వెనక్కి వెళ్ళాయి. కారు తలుపులు కూడా చప్పుడు కాకుండా వేశారు. కార్లు పక్కకు పెట్టడానికేమో అనుకున్నాం. ఇంజన్లు మొదలయ్యాక పెద్దక్క తలుపు లాగింది. ఆఖరి కారు డిపో మలుపు తిరుగుతోంది.

గడియకు తువ్వాలు వేలాడుతోంది. ముడి మారింది. పెద్దక్క ఎప్పుడూ ఒంటి ముడి వేస్తుంది, ఇప్పుడది బిగించి రెండు ముళ్ళు వేసి ఉంది.

ఎదురు కొట్లోంచి మిషనత్త పరుగెత్తుకొచ్చింది. మాట తడబడుతోంది ఆవిడకు. వాడు దిగి నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళాడట. వెంట ఉన్నవాళ్ళు తలుపు కొట్టబోతే, పెదవుల మీద వేలు పెట్టి ఆపాడట. తువ్వాలు జారుతుంటే సరిగ్గా కట్టాడట. అలాగే నిలబడ్డాడట, మొహం తలుపుకు ఆనించినంత దగ్గరగా. తర్వాత వాచీ చూసుకుని మిషనత్త దగ్గరికి వచ్చి, పిల్లలు పడుకున్నారు అత్తా, సభ అయ్యాక వస్తానని చెప్పు, అన్నాడట.

"నువ్వైనా కొట్టమని చెప్పకపోయావా?" అని నేనే అడిగాను.

తువ్వాలు ఉంటే కొట్టమని ఆ వీధిలో ఎవరూ ఎవరితోనూ అనరు. మిషనత్తకూ ఆ మాట నోటికి రాలేదు.

పెద్దక్క తువ్వాలు విప్పి మడత పెట్టింది. "రూలు మర్చిపోలేదు వెధవ" అంది. కాస్త నవ్వింది కూడా. లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాక అంది, "నా చేత్తో నేనే కట్టాను."

సభ మొదలై ముగిసేదాకా తలుపు బార్లా తీసి ఉంచింది. నేను పాపను తీసుకుని వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. మైకులో వాడి గొంతు చివరికి వచ్చేసరికి పూర్తిగా పోయింది, జనమే మిగతా మాటలు అందుకున్నారు. చీకటి పడుతుండగా మైదానం ఖాళీ అయింది. జనం ఎక్కువైపోయారని పోలీసులు కార్లను అవతలి రోడ్డు మీదుగా పంపేశారని టీ కొట్టు ఆయన వచ్చి చెప్పాడు. పెద్దక్క ఫ్లాస్కు తీసి ఉప్పునీళ్ళు పెరట్లో పారబోసింది. అవి అప్పటికీ వెచ్చగానే ఉన్నాయి, చిన్నగా ఆవిరి లేచింది.

రెండు రోజుల్లో ఎక్కడ చూసినా ఒకటే ఫొటో, ఆయన వెంట వచ్చినవాళ్ళెవరో తీసింది. మూసిన తలుపు, గడియకు తువ్వాలు, తలుపు ముందు నెరిసిన జుట్టు మనిషి పెదవుల మీద వేలు. కింద పెద్ద అక్షరాల్లో, పసిపిల్లల నిద్ర చెడగొట్టని నాయకుడు అని. దేశమంతా దాని గురించే మాట్లాడింది. ఇలాంటి మనిషి చేతిలో పెత్తనం పెట్టినా ఫరవాలేదని కొందరు మెత్తబడ్డారు. అంతా నాటకం, ఫొటో తీసేవాణ్ణి వెంట తెచ్చుకున్నాడని కొందరు తిట్టారు. మేనేజరు గారు కూడా, మనిషి మర్యాదస్తుడేనన్నాడు. మా ల్యాబులో దాని మీద చిన్న కొట్లాట జరిగింది. లోపల ఎవరున్నారని ఒక్కరూ అడగలేదు. ఆ పోస్టరు డిపో గోడ మీద అతికించారు, టీ కొట్టు మీద అతికించారు. పార్టీ కుర్రాళ్ళు తెలియక ఆ గది గోడ మీదే, పెద్దక్క సున్నం కొట్టిన చోటే, ఒకటి అతికించిపోయారు. తలుపు పక్కన మళ్ళీ ఆ తలుపే.

పెద్దక్క దాన్ని చింపలేదు. కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. "మెడకి ఏమీ చుట్టుకోలేదు చూడు, ఆ చలిగాలిలో" అంది.

ఆ ఫొటో పుణ్యమాని పిల్లలు తిరిగొచ్చారు. వెళ్ళినవాళ్ళు వచ్చారు, కొత్తవాళ్ళు వచ్చారు. మేకులు చాలక కొత్తవి కొట్టాల్సొచ్చింది. పెద్దక్క అందరినీ చేర్చుకుంది. కానీ మధ్యాహ్నం తువ్వాలు కట్టేటప్పుడు గడియ పట్టుకుని ఓ క్షణం ఆగేది. నిద్ర వేళ పిల్లల మధ్య పడుకోవడం మానేసింది. తలుపు పక్కనే కూర్చునేది.

చలికాలంలో దగ్గు పట్టుకుంది. ఛాతీలోకి దిగింది. మా ఆవిడ పనిచేసే ఆసుపత్రిలోనే చేర్పించాం. పిల్లల్ని చూసుకోవడానికి మిషనత్త కొట్టు మూసి గదిలో కూర్చుంది. నేను సాయంత్రాలు వెళ్ళి పక్కన ఉండేవాణ్ణి. ఆవిడ ఊపిరి లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది, పాప ఊపిరి లెక్కపెట్టినట్టే. ఓ సాయంత్రం అది కనిపెట్టి, "నా మొహం వైపు అలా చూడకు, నీలం రంగు వస్తే నేనే చెప్తాలే" అంది. కాసేపు దగ్గి, నీళ్ళు తాగి, పాప బడి గురించి అడిగింది. వచ్చే ఏడు వేస్తామన్నాను. అప్పుడు ఆవిడ చెప్పిన మాటలు నేను చివర్లో రాస్తాను.

పెద్దక్క పోయిన రోజు పొద్దున వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. మా ఆవిడ కారిడార్లోనే ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

అంత్యక్రియలకు తమ్ముడు రాలేదు. చట్టసభలో ఏదో ఓటింగు, కదలడానికి వీల్లేని రోజు. పెద్ద పూలదండ వచ్చింది, పార్టీ జెండా వచ్చింది. గోడ మీది పోస్టరు ముందు కొందరు దణ్ణాలు పెట్టి ఫొటోలు తీసుకున్నారు. పేపర్లలో ఎవరి తీరుకు తగ్గట్టు వాళ్ళు రాశారు. సొంత అక్క అంత్యక్రియలకు కూడా రాని కర్కోటకుడని ఒక పేపరు, సొంత దుఃఖం దిగమింగి ప్రజల కోసం నిలబడ్డాడని ఇంకో పేపరు.

తర్వాతెప్పుడో మిషనత్త కొట్టుకు ఫోన్ వచ్చింది. ఆవిడ రిసీవరు పట్టుకుని విని, ఏడుపు ఆపుకోలేక నన్ను పిలిచి చేతిలో పెట్టింది. "ఆ రోజు లోపల ఉన్న అబ్బాయి ఇతనే" అంది. అవతల గొంతు బొంగురుగా ఉంది. రేడియోలో వినే గొంతే. నన్ను మీరు అని పిలిచాడు. ఒక్కటే అడిగాడు.

"ఆ రోజు మా అక్క లోపల పడుకుందా అండీ?"

అవునంటే సరిపోయేది. ఆయన తేలికపడేవాడు. నేనూ తేలికపడేవాణ్ణి. పిల్లల చూపు మళ్ళించి జారుకోవడం లాంటిదే అది. ఆవిడ గదిలో పెరిగిన పిల్లతో అలా చెయ్యలేను, ఆ గది మొదటి పిల్లవాడితోనూ చెయ్యలేకపోయాను.

"లేదండీ. మేలుకునే ఉన్నారు. తలుపుకు ఇవతలే నిలబడ్డారు. మీరు పిలుస్తారని చూశారు. మీ గొంతు కోసం ఉప్పునీళ్ళు కాచి పెట్టారు."

లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత ఊపిరి బిగబట్టి వదిలిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నేను రిసీవరు పట్టుకుని అలాగే ఉన్నాను. చాలాసేపటికి గొంతు సవరించుకుని, "ఉంటానండీ. పెట్టేస్తున్నాను" అన్నాడు. అన్నాకే పెట్టాడు.

గది ఇప్పుడు మిషనత్త చూస్తోంది. మిషను కూడా అక్కడే ఒక మూల వేసుకుంది. తువ్వాలు కట్టడం లేదు. పిల్లలు మధ్యమధ్య లేస్తారు, మళ్ళీ పడుకుంటారు. మా పాప బడికి వెళ్తోంది. గేటు దగ్గర దాని ముందు కూర్చుని వెళ్తున్నానని చెప్తాను, ఆఖరి గంట కొట్టాక వస్తానని చెప్తాను. ఏడుస్తుంది. ఊపిరి బిగబట్టడం మాత్రం ఈ మధ్య తగ్గింది. దాని వయసు వల్లనే తగ్గిందని నాకు తెలుసు. ఒక్కోరోజు ల్యాబులో పని ఎక్కువై, అది పడుకున్నాక ఇంటికి వస్తాను. ఇదివరకు మునివేళ్ళ మీద లోపలికి వచ్చేవాణ్ణి. ఇప్పుడు తలుపు కొడతాను. దాని పక్కన కూర్చుని, వచ్చానని చెప్తాను. కళ్ళు సగం తెరిచి, నా వేలు పట్టుకుని మళ్ళీ పడుకుంటుంది. ఇప్పుడే పడుకున్న పిల్లని లేపుతావేమిటని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆసుపత్రిలో ఆ సాయంత్రం పెద్దక్క చెప్పింది అదే మరి.

"వెళ్ళేటప్పుడు చెప్పు. అది సగమే. వచ్చినప్పుడు తలుపు కొట్టు. లోపల నిద్రపోతున్నారు కదా అని వెళ్ళిపోకు నాయనా. లేస్తే లేస్తారు. మళ్ళీ పడుకుంటారు."